వాలెన్సియాలో ఒక ఏడాది, ఇద్దరు పిల్లలతో: ఇల్లు ముందా, బడి ముందా?

మియాపూర్_మాధవి (హైదరాబాద్)
అందరికీ నమస్తే. మావారు ఒక బ్రిటిష్ కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తారు, ఇంటి నుంచే. ఎక్కడ కూర్చుని చేసినా వాళ్ళకి అభ్యంతరం లేదు. వచ్చే సెప్టెంబరు నుంచి ఓ ఏడాది స్పెయిన్‌లో, వాలెన్సియాలో ఉండి వద్దామనుకుంటున్నాం. పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి నాలుగు. యూట్యూబులో ఎన్ని వీడియోలు చూసినా బీచ్, పాయేయా అనే అన్నం వంటకం, సైన్స్ మ్యూజియం ముందు ఫొటోలు, అంతే. పిల్లల్ని బడికి పంపుతూ, ఇంట్లో వంట చేసుకుంటూ నెలల తరబడి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వీసా, ఇల్లు, బడి, తిండి... ఏది ముందు మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు.

ఆవకాయ_అప్పారావు (గుంటూరు)
జాడీ ముందు సర్దుకోండి మేడమ్. మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

మాడ్రిడ్_మూర్తి (మాడ్రిడ్)
మాధవి గారూ, మీవారి పరిస్థితికి సరిపోయేది డిజిటల్ నోమాడ్ వీసా, అంటే బయటి దేశపు కంపెనీకి స్పెయిన్‌లో కూర్చుని పని చేసేవాళ్ళకిచ్చేది. 2022 డిసెంబరు ఆఖరు నుంచి అమల్లో ఉంది. ఆదాయం లెక్క స్పెయిన్ కనీస వేతనం మీద కడతారు. 2025లో అది నెలకు 1184 యూరోలు, ఏడాదికి 14 జీతాలు. దాన్ని 12 నెలలకు పంచి, దరఖాస్తుదారుకి రెండింతలు, భార్యకి 75 శాతం, పిల్లలకి ఒక్కొక్కరికీ 25 శాతం కలపాలి. నలుగురికీ కలిపి నెలకు దాదాపు 4,490 యూరోలు వస్తుంది. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది కాబట్టి దరఖాస్తు చేసే రోజు లెక్క చూసుకోండి.

ఆ బ్రిటిష్ కంపెనీ కనీసం ఏడాది పాతదై ఉండాలి. మీవారు వాళ్ళతో మూడు నెలలుగా పని చేస్తూ ఉండాలి. డిగ్రీ గానీ మూడేళ్ళ అనుభవం గానీ చూపాలి. కాంట్రాక్టు మనిషి గనక అక్కడికి వెళ్ళాక ఆటోనోమోగా, అంటే సొంత పని చేసుకునేవాడిగా, సోషల్ సెక్యూరిటీలో నమోదు కావాలి. కొత్తవాళ్ళకి మొదటి ఏడాది నెలకు 80 యూరోల చిల్లర కడితే సరిపోతుంది. ఉద్యోగి హోదాలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇక్కడే చిక్కు పడుతుంది, మీకు ఆ బాధ లేదు.

పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన ధృవపత్రాలు, పోలీసు క్లియరెన్సు, అన్నిటికీ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర, వేయించి, గుర్తింపు పొందిన అనువాదకులతో స్పానిష్‌లోకి చేయించాలి. అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేది ఇదే. ఇవాళే మొదలుపెట్టండి.

డాలస్_రమణ (డాలస్)
మాకు అమెరికా పాస్‌పోర్టులున్నాయి కాబట్టి వీసా గొడవ లేకుండా వేసవికి వెళ్ళొచ్చాం. మీరూ టూరిస్టు వీసా మీద వెళ్ళి, 90 రోజులయ్యాక పోర్చుగల్ వెళ్ళి, మళ్ళీ రావచ్చు కదా?

మాడ్రిడ్_మూర్తి (మాడ్రిడ్)
రావడానికి లేదు రమణ గారూ. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో మొత్తం షెన్‌గెన్ దేశాలన్నిటికీ, అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాలకి, కలిపి 90 రోజులే. పోర్చుగల్ కూడా అందులోదే. ఈ మాట నమ్మి వచ్చినవాళ్ళని విమానాశ్రయంలో ఆపడం చూశాను.

బెనిమక్లెట్_బాబు (వాలెన్సియా)
మాధవి గారూ, మేం తెనాలి దగ్గరివాళ్ళం. ఇక్కడ బెనిమక్లెట్‌లో ఉంటున్నాం. ఒకప్పుడు ఊరు, తర్వాత నగరం వచ్చి దాన్ని కలుపుకుంది. పక్కనే పాలిటెక్నిక్ యూనివర్సిటీ, అటు తిరిగితే కూరగాయల పొలాలు. మెట్రో, ట్రామ్ రెండూ ఉన్నాయి.

మీ శీర్షికలో ప్రశ్నకి నా జవాబు: బడి ముందు. ఇక్కడ ప్రభుత్వ బడిలో సీటు మీ ఇల్లు ఎంత దగ్గరన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ దగ్గరితనం చూపించేది మున్సిపాలిటీలో నమోదు, పాద్రోన్ అంటారు. అది కావాలంటే అద్దె ఒప్పందం కావాలి. కాబట్టి ముందు ఏ పేటల్లో పిల్లల బడులు బాగున్నాయో, వాటిలో మీ పిల్లల తరగతుల్లో ఖాళీలున్నాయో చూసుకుని, ఆ పేటలో ఇల్లు వెతకండి. చాలామంది బీచ్ పక్కన బాల్కనీ చూసి ఒప్పందం మీద సంతకం పెట్టి, తర్వాత రోజూ రెండు బస్సులు మారుతూ పిల్లల్ని దింపుతుంటారు.

మామూలు అడ్మిషన్లు వసంతంలో అయిపోతాయి. సెప్టెంబరులో దిగేవాళ్ళకి ఖాళీ ఉన్నచోట సీటు కేటాయిస్తారు. చదువు ఉచితం. మీ బాబుకి నాలుగేళ్ళు కాబట్టి వాడికీ ఉచితమే, మూడేళ్ళ నుంచే తీసుకుంటారు. తరగతి నిర్ణయించేది పుట్టిన సంవత్సరం: జనవరిలో పుట్టినా డిసెంబరులో పుట్టినా అదే తరగతి. మన జూన్ లెక్కలు ఇక్కడ చెల్లవు, పాప ఒక తరగతి పైకో కిందికో పడవచ్చు.

అద్దె విషయం: మూడు బెడ్‌రూముల ఫ్లాటు మంచి పేటలో 1300 యూరోలకి దొరికితే అదృష్టమనుకోండి. రుసాఫా చాలా బాగుంటుంది, రాత్రి రెండింటి దాకా మాటలు వినపడుతూనే ఉంటాయి. పిల్లలుంటే కంపనార్, పత్రాయిక్స్, బెనికలాప్ వైపు కూడా చూడండి. పదకొండు నెలల తాత్కాలిక ఒప్పందాలు ఇస్తామంటారు, వాటికి ఏజెన్సీ కమీషన్ మీ నెత్తినే పడుతుంది. 2023 గృహ చట్టం ప్రకారం శాశ్వత నివాసపు ఒప్పందమైతే ఆ కమీషన్ యజమానిదే. ఆ తేడా కోసమే కొందరు ఏజెంట్లు తాత్కాలికం అని రాయిస్తుంటారు.

లెక్కల_మాష్టారు (విజయవాడ)
అమ్మా మాధవీ, అడగకుండా చెబుతున్నాననుకోకు. ఎనిమిదేళ్ళ పిల్లని ఒక ఏడాది తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి ఇక్కడి బడిలో వేస్తే తెలుగు, హిందీ రెండూ వెనకబడతాయి. లెక్కల్లో భాగహారం అక్కడ వేరేగా వేయిస్తారు, ఆ పద్ధతి చూస్తే తల తిరుగుతుంది. ఒక ఏడాది సరదా కోసం ఇదంతా అవసరమా?

ఇంకోటి. పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పెయిన్‌లో ఒక క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులు దాటితే పన్ను నివాసి అవుతారని చదివాను. సెప్టెంబరు 1న దిగితే ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకి 122 రోజులు. తర్వాతి ఏడాది జనవరి 1 నుంచి జూన్ 30 దాకా, లీపు సంవత్సరం కాకపోతే, 181. అంటే బడి ముగిసిన వెంటనే వచ్చేస్తే ఏ సంవత్సరంలోనూ 183 దాటదు.

మాడ్రిడ్_మూర్తి (మాడ్రిడ్)
మాష్టారూ, మీ లెక్క తప్పు లేదు. కానీ చట్టంలో రోజులొక్కటే కాదు, సంపాదనకి ప్రధాన కేంద్రం ఎక్కడుందన్నదీ చూస్తారు. ఇక్కడే ఆటోనోమోగా నమోదై, ఇక్కడే ఇన్‌వాయిస్‌లు రాసే మనిషి నేను నివాసిని కానంటే కష్టం. భారత్, స్పెయిన్‌ల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది కాబట్టి ఒకే ఆదాయం మీద రెండుసార్లు పడదు. మర్చిపోకూడనిది మోడెలో 720 అనే ప్రకటన. నివాసి అయితే విదేశాల్లో ఉన్న బ్యాంకు ఖాతాలు, షేర్లు, స్థిరాస్తి, ఈ మూడు కోవల్లో ఏది 50,000 యూరోలు దాటినా చెప్పాలి. మియాపూర్‌లో ఫ్లాటు ఉంటే అదీ వస్తుంది. ఆ ప్రకటన మీద పన్నేమీ ఉండదు, చెప్పకపోతేనే ఇబ్బంది. ఇక్కడ గెస్టోర్ అని ఉంటారు, మన ఆడిటరూ ఏజెంటూ కలిసిన మనిషి. వచ్చిన వారంలోనే ఒకరిని పట్టుకోండి.

నీలి_చీర (మిస్లాటా, వాలెన్సియా పక్కన)
మాష్టారు గారి భయం నాకు అర్థమైంది గానీ మా అమ్మాయి విషయంలో అలా జరగలేదు. మొదటి టర్మ్ అంతా బడిలో నోరు విప్పలేదు. ఇంటికొచ్చి మాత్రం టీచరు ఎలా అరుస్తుందో యాక్షన్ చేసి చూపించేది. సంక్రాంతి వచ్చేసరికి పార్కులో పిల్లలతో పోట్లాడుతోంది. పోట్లాడుతోందంటే భాష వచ్చినట్టే. తెలుగు మాత్రం మనం చూసుకోవాలి, రోజూ అమ్మమ్మతో ఫోనులో కథ చెప్పించాను. హిందీ పోయింది, నిజమే. తిరిగెళ్ళాక ఒక వేసవిలో పట్టుకోవచ్చు.

మాధవీ, ఇక్కడ బడిలో రెండు భాషలు. స్పానిష్ ఒకటి, ఈ ప్రాంతపు సొంత భాష వాలెన్సియన్ ఒకటి. ఏ బడిలో ఏది ఎంత అన్నది పెద్ద రాజకీయం. 2024లో కొత్త చట్టం తెచ్చి, 2025లో తల్లిదండ్రుల చేత ఓటు కూడా వేయించారు, మీ పిల్లలకి ఏ భాష ప్రధానం కావాలని. తాత్కాలికంగా ఉండేవాళ్ళు వాలెన్సియన్ మార్కుల నుంచి మినహాయింపు అడగవచ్చు, బడి ఆఫీసులో కనుక్కోండి. నేనైతే అడగలేదు. పక్కింటి ముసలావిడ మా పాపతో వాలెన్సియన్‌లోనే మాట్లాడుతుంది, వద్దనడం ఎందుకు?

పుస్తకాలు కొననక్కర్లేదు, బడిలో పుస్తకాల బ్యాంకు ఉంటుంది, ఏడాది చివర తిరిగిచ్చేయాలి. మధ్యాహ్న భోజనం బడిలోనే పెట్టించుకోవచ్చు. శాకాహారమని రాసిచ్చినా ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఇక్కడ "వెజిటల్" శాండ్‌విచ్ అంటే అందులో ట్యూనా చేప ఉంటుంది!

ఇక అసలు సంగతి, ఎవరూ చెప్పనిది. మీవారికి పని ఉంటుంది, పిల్లలకి బడి ఉంటుంది. మీకు ఏముంటుంది? మొదటి నెలల్లో నాకు బాగా దిగులేసింది. మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా చిన్న కొట్లన్నీ మూసేస్తారు, వీధి నిర్మానుష్యం. పెద్దలకి ప్రభుత్వం నడిపే స్పానిష్ తరగతులుంటాయి, ఫీజు నామమాత్రం. వెళ్ళిన వారంలోనే పేరు నమోదు చేయించుకోండి. నాకు అక్కడే ఒక మొరాకో ఆవిడ, ఒక ఉక్రెయిన్ ఆవిడ పరిచయమయ్యారు. ముగ్గురికీ భాష సరిగా రాదు కాబట్టి నిదానంగా మాట్లాడుకునేవాళ్ళం, అదే బాగా పనికొచ్చింది.

మియాపూర్_మాధవి (హైదరాబాద్)
అక్కా, సరిగ్గా నేను భయపడుతున్నదే చెప్పారు. చాలా థ్యాంక్స్. బాబు గారూ, పాద్రోన్ అంటే ఇప్పుడు అర్థమైంది. ఇంకో సందేహం. నా పాస్‌పోర్టులో పెళ్ళికి ముందు ఇంటిపేరే ఉంది. పిల్లలకి నాన్న ఇంటిపేరు. అక్కడ ఇబ్బంది అవుతుందా?

అనంత_సీమ (బార్సిలోనా)
ఏమీ కాదు, పైగా మేలు! ఇక్కడ ఆడవాళ్ళు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోరు. పిల్లలకి నాన్న ఇంటిపేరు ఒకటి, అమ్మ ఇంటిపేరు ఒకటి, రెండూ ఉంటాయి. తల్లీ పిల్లల ఇంటిపేర్లు వేరుగా ఉంటే ఎవరూ కనుబొమ్మ ఎత్తరు. చిక్కల్లా ప్రతి ఫారంలోనూ రెండో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం. కొందరు గుమాస్తాలు మీ పేరులో సగం తీసి అందులో పెట్టేస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే అన్నిచోట్లా పడేలా కౌంటరు దగ్గరే చదివించుకుని కదలండి.

నాది అనంతపురం. ఇంకో మాట చెప్పాలి. ఆంధ్ర అంటే ఇక్కడ చాలామందికి తెలియదు, హైదరాబాద్ అంటే కొందరికి తెలుసు. అనంతపురం అంటే మాత్రం మా వీధి మందుల షాపు ఆవిడకి కూడా తెలుసు! విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టిన మనిషి. 1969లో అనంతపురం వచ్చి ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టి, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. స్పెయిన్‌లో వేలాది కుటుంబాలు ఆ జిల్లా పిల్లల చదువుకి నెలనెలా డబ్బు పంపుతుంటాయి. మందుల షాపు ఆవిడ తను చదివించే అమ్మాయి ఫొటో ఫోనులో చూపించింది. కళ్యాణదుర్గం దగ్గర పల్లె, మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరే. ఆ రోజు నుంచి నేను ఆ షాపుకి పోతే మందుకన్నా కబుర్లే ఎక్కువ. వాలెన్సియాలో కూడా మీరు తెలుగువాళ్ళమని చెప్పి అనంతపురం పేరు ఎత్తి చూడండి.

బెనిమక్లెట్_బాబు (వాలెన్సియా)
ఇది నిజం. మా పిల్లల బడి హెడ్మిస్ట్రెస్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

లెక్కల_మాష్టారు (విజయవాడ)
బాబూ, మీ నాన్నగారు వచ్చి ఉన్నారని ఇంకో చర్చలో రాశావు. పెద్దవాళ్ళకి అక్కడ కాలక్షేపం ఎలా?

బెనిమక్లెట్_బాబు (వాలెన్సియా)
మాష్టారూ, నాన్న జీవితమంతా కృష్ణా డెల్టాలో వరి పండించారు. సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్తే గోడలు బాగా తెల్లగా ఉన్నాయన్నారు, అంతే. అదే ఊరికి దక్షిణాన అల్బుఫేరా సరస్సు పక్క పొలాలకి తీసుకెళ్తే ఎండలో నిలబడి కదల్లేదు. మే నెలలో విత్తి సెప్టెంబరులో కోస్తారు, చలికాలం నీళ్ళు నిలగట్టి వదిలేస్తారు. ఒక్క పంటేనా అని జాలిపడ్డారు.

ఆయనకి అన్నిటికన్నా నచ్చింది నీటి కోర్టు. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి కథెడ్రల్ (ఊరి పెద్ద చర్చి) తలుపు ముందు ఎనిమిది కాలువల తరఫున ఎనిమిదిమంది రైతులు నల్ల అంగీలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. కాలువ పేరు పిలిచి ఫిర్యాదు ఉందా అని అడుగుతారు. వాదన నోటితోనే, కాగితం ఉండదు, లాయరు ఉండడు. తీర్పు అక్కడికక్కడే. వందల ఏళ్ళుగా నడుస్తోంది, 2009లో యునెస్కో జాబితాలో చేర్చింది. చాలా గురువారాలు ఫిర్యాదులే ఉండవు, ఐదు నిమిషాల్లో లేచిపోతారు. టూరిస్టులు ఇంతేనా అని నిట్టూరుస్తారు. నాన్న మాత్రం ఫిర్యాదు లేకపోవడమే గొప్ప అన్నారు. మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టారు కదా, ఆయన అందులో ఒకసారి మెంబరు. శివారు భూములకి నీళ్ళందక కాలువ నీళ్ళు చూసే లస్కరుతోనూ పై రైతులతోనూ పడిన గొడవలన్నీ దారి పొడుగునా చెప్పారు. ఇక్కడ ఫిర్యాదు చేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకే కాలువల నీళ్ళు తాగుతారు, అదీ తేడా అన్నారు. తర్వాత గురువారం తనే మెట్రో ఎక్కి వెళ్ళొచ్చారు.

డాలస్_రమణ (డాలస్)
బాబు గారూ, ఇది చదివాక మా నాన్నని కూడా తీసుకెళ్ళాలనిపిస్తోంది. పిల్లలకి ఖర్చులేని చోట్లేమైనా?

నీలి_చీర (మిస్లాటా)
తురియా పార్కు ఒక్కటి చాలు. అది పార్కు కాకముందు నది. 1957 అక్టోబరులో వరదొచ్చి ఊరు మునిగితే, నదిని ఊరి దక్షిణం వైపు కొత్త కాలువలోకి మళ్ళించారు. ఎండిన పాత దారిలో హైవే వేద్దామనుకున్నారు, జనం ఒప్పుకోలేదు. ఇప్పుడు దాదాపు తొమ్మిది కిలోమీటర్ల తోట, పైన పాత వంతెనలు అలాగే ఉన్నాయి. అందులో గలివర్ బొమ్మ ఉంది, నేల మీద పడుకున్న మనిషి ఆకారం. పిల్లలు ఆయన బట్టల మడతల మీద నుంచి జారుతుంటారు. టికెట్ లేదు. జూలైలో మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, జారుడుబల్ల కాలిపోతుంది.

మాడ్రిడ్_మూర్తి (మాడ్రిడ్)
వరద మాట వచ్చింది కాబట్టి 2024 అక్టోబరు 29 కూడా గుర్తుచేయాలి. వాలెన్సియా జిల్లాలో 220 మందికి పైగా పోయారు. ఆ కొత్త కాలువ నగరాన్ని కాపాడింది, దానికి దక్షిణాన ఉన్న పైపోర్తా, కతరోఖా లాంటి ఊళ్ళు మునిగాయి. ఫోన్లకి హెచ్చరిక వచ్చేసరికి రాత్రి 8:11, అప్పటికే వీధుల్లో నీళ్ళు. అద్దె తక్కువని ఆ వైపు చూస్తే గ్రౌండ్ ఫ్లోరు వద్దు, వరద మ్యాపులో ఆ వీధి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

బెనిమక్లెట్_బాబు (వాలెన్సియా)
చాలామంది సెల్లార్‌లో కారు తీయబోయి పోయారు. మూర్తి గారు చెప్పింది అక్షరాలా పాటించండి. ఎర్ర హెచ్చరిక ఇచ్చిన రోజు బడి ఉన్నా మేం ఇప్పుడు పంపం.

ఆవకాయ_అప్పారావు (గుంటూరు)
టెన్షన్ పెట్టింది చాలు, పండగ సంగతి చెప్పండి. బొమ్మల్ని తగలబెట్టేది అక్కడే కదా?

నీలి_చీర (మిస్లాటా)
ఫాయాస్. మార్చి 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి మున్సిపాలిటీ చౌకులో టపాసుల మోత, మస్‌క్లెతా అంటారు. వెలుగు కోసం కాదు, చప్పుడు కోసమే. ఛాతీలో తెలుస్తుంది. వీధివీధికీ నాయకుల్ని, పెద్దమనుషుల్ని వెక్కిరించే బొమ్మలు నిలబెట్టి, 19 రాత్రి అన్నీ కాల్చేస్తారు. పూర్వం వడ్రంగులు చలికాలపు చెక్కముక్కలు పోగేసి కాల్చేవాళ్ళట, మన భోగి మంటలాగే మొదలై ఇంత దూరం వచ్చింది. ఆ వారం బస్సులు సరిగా నడవవు, చివరి రోజులు బడికి సెలవు. చిన్న పిల్లలకి చెవులకి మఫ్స్ కొనండి. మా బాబు మొదటి రోజు ఏడ్చాడు, మూడో రోజు జేబు నిండా టపాసులతో తిరిగాడు. ఇక్కడ ఐదేళ్ళ పిల్లల చేతుల్లో కూడా ఉంటాయి, అది మాత్రం నాకు నచ్చదు.

మియాపూర్_మాధవి (హైదరాబాద్)
రాత్రి మావారూ నేనూ కూర్చుని అంతా చదివాం. ముందు కాగితాలకి అపోస్టిల్, తర్వాత బెనిమక్లెట్, కంపనార్ వైపు బడులు. ఇల్లు వెళ్ళాకే, కళ్ళారా చూశాకే. పన్నుకి గెస్టోర్. జూన్ ఆఖరున బడి అయిపోగానే వచ్చేస్తామా, వేసవి కూడా ఉంటామా అన్నది తేల్చుకోలేదు. చివరగా వంట. ఏం తెచ్చుకోవాలి, ఏం దొరుకుతాయి?

అనంత_సీమ (బార్సిలోనా)
ఆగస్టు ఉండకండి. ఉక్క, సగం ఊరు సెలవు, ఏ ఆఫీసులోనూ పని కాదు.

నీలి_చీర (మిస్లాటా)
పప్పులు, చింతపండు, కరివేపాకు, బెండకాయ, పచ్చిమిర్చి రుసాఫా వైపు ఆసియా కొట్లలో దొరుకుతాయి. గోంగూర ఆశ లేదు. వంకాయలు, టమాటాలు ఏ సంతలోనైనా బ్రహ్మాండంగా ఉంటాయి. సెంట్రల్ మార్కెట్ చూడటానికి వెళ్ళండి, కొనడానికి మీ పేట మార్కెట్ నయం. ఇక్కడి బొంబా బియ్యం పొట్టిది, నీళ్ళు బాగా లాగుతుంది, పప్పన్నానికి కుదరదు. పులిహోరకైతే అసలే వద్దు. బాస్మతి సూపర్ మార్కెట్లలో ఉంటుంది. పంపు నీళ్ళలో సున్నం ఎక్కువ, తాగడానికి ఫిల్టర్ జగ్గు పెట్టుకోండి. చలికాలం ఇళ్ళలో హీటర్లు ఉండవు, కింద పలకలు చల్లగా జిల్లుమంటాయి. బయట ఎండ కాస్తుంటే లోపల స్వెట్టర్లు వేసుకుంటాం. పిల్లలకి మందపాటి సాక్సులు ఎక్కువ పెట్టుకోండి.

ఒంట్లో బాగాలేకపోతే పేట హెల్త్ సెంటరుకి వెళ్ళాలి, పాద్రోన్ అయ్యాక సిప్ కార్డు, అంటే ప్రభుత్వ వైద్యం కార్డు, అడగండి. అత్యవసరమైతే 112.

ఆవకాయ_అప్పారావు (గుంటూరు)
నేను మొదట చెప్పిన జాడీ సంగతి ఏమైంది? అమ్మ కాచిన నెయ్యి సీసా కూడా పెట్టుకోండి.

మాడ్రిడ్_మూర్తి (మాడ్రిడ్)
ఆవకాయ తెచ్చుకోవచ్చు, సీసా మూత టేపు చుట్టి చెకిన్ సామానులో. నెయ్యి తేకూడదు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికులు తేవడం నిషేధం, కోవా స్వీట్లకీ అదే. కరివేపాకు మొక్క, పచ్చి ఆకులు కూడా వద్దు, మొక్కల ధృవపత్రం అడుగుతారు. కరివేపాకు పొడి చేసుకుని తెచ్చుకోండి. నెయ్యికి ఇక్కడే ఉప్పులేని వెన్న కొని కాచుకోవడమే.